బాలయోగి స్టేడియము – పేరు మనది, ఆట యెవరిది?

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున గచ్చిబౌలియందు సుమారు ముప్పదివేలమంది ప్రేక్షకులు కూర్చుండదగిన క్రీడాంగణ మొకటి కలదు. దాని పేరు జి.ఎం.సి. బాలయోగి స్టేడియము. గౌతమీతీరమునందలి యెదుర్లంక గ్రామమున జన్మించి, అమలాపురము నియోజకవర్గమునకు ప్రతినిధియై, భారత లోకసభకు స్పీకరు పదవి నలంకరించిన గంటి మోహనచంద్ర బాలయోగిగారి స్మారకముగా దానికా పేరు పెట్టబడినది. 2024వ సంవత్సరమున భారత ఫుట్‌బాలు జట్టు మారిషసు, సిరియా, మలేషియా జట్లతో ఆడినది ఆ గడ్డిపైననే. ఆ యేటి తుదిదినమున సంతోష్ ట్రోఫీ అంతిమపు పోటీ జరిగినదియు నచ్చటనే. ఆ యాటల వార్తలు వెలువడినప్పుడెల్ల కోనసీమ బిడ్డ పేరు వానితోపాటు దేశమంతట వినబడినది. ఇది మనకు గర్వకారణమనుటకు సందేహము లేదు.

కాని గర్వపడుటతోడనే మన కర్తవ్యము ముగిసినదా యని ప్రశ్నించుకొనవలసి యున్నది. స్టేడియము ధనముచేతను, ప్రభుత్వాజ్ఞచేతను స్వల్పకాలములో లేచి నిలువగలదు. ఆట యట్లు లేవదు. అది పల్లెలలో, బడులలో, ఖాళీస్థలములలో పిల్లల కాళ్లక్రింద తరముల కొలది పెరుగవలసిన పంట. గచ్చిబౌలి క్రీడాంగణపు చరిత్రయు, దానికి పూర్వము హైదరాబాదునందు వర్ధిల్లిన ఫుట్‌బాలు చరిత్రయు ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నీ సత్యము కరతలామలకమగును. ఆ చరిత్రనుండి కోనసీమ గ్రహింపవలసిన పాఠ మొకటి గలదు. దానిని పాఠకులముందుంచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

పేరుగాంచిన పురుషుడు

బాలయోగిగారు కాకినాడయందు న్యాయవాదవృత్తి నవలంబించి, 1987లో తూర్పుగోదావరి జిల్లా ప్రజాపరిషత్తున కధ్యక్షులైరి. 1991లో అమలాపురమునుండి లోకసభకు ఎన్నికైరి. 1996లో ఓటమి కలుగగా, ముమ్మిడివరమునుండి రాష్ట్ర శాసనసభకు ఎన్నికై, ఉన్నతవిద్యాశాఖామాత్యులుగా పనిచేసిరి. 1998లో మరల లోకసభలో ప్రవేశించి, ఆ సంవత్సరము మార్చి 24వ తేదిని స్పీకరుగా ఎన్నుకొనబడిరి. ఆ పీఠము నధిష్ఠించిన తొలి దళితుడాయనయే. 1999 అక్టోబరులో రెండవమారును ఆ గౌరవ మాయనకే లభించెను. 2002 మార్చి 3వ తేదిని భీమవరమునుండి హైదరాబాదునకు తిరిగిపోవుచుండగా, కైకలూరు సమీపమున వారి హెలికాప్టరు చేపలచెరువులో కూలిపోయి ఆయన దుర్మరణము చెందిరి. కొల్లేటిప్రాంతమున నాడు పడిన పిడుగు కోనసీమ యింటింటను దుఃఖము నింపెను.

యానామునకును ఎదుర్లంకకును నడుమ గౌతమిపై కట్టబడిన వారధికి ఆయన పేరు పెట్టిరి. అమలాపురమునందును ఆయన పేరుగల స్టేడియము కలదు. గచ్చిబౌలి క్రీడాంగణమునకును ఆ పేరే నిలిచినది. వారధికి బాలయోగి పేరు తగియున్నదని ఎవ్వరును వేరుగ చెప్పనక్కరలేదు. దానిమీదుగా జనులు నిత్యము నడచుచున్నారు. క్రీడాంగణములమాట యట్టిదా? వానిలో నిత్యము ఆడువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై ముందుగా హైదరాబాదునకు పోవలెను.

స్టేడియము లేనినాటి వైభవము

హైదరాబాదు నడిబొడ్డున ఫతేమైదానమను విశాలస్థలము గలదు. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పుడు మొగలు సేనలచ్చట విడిసి, విజయానంతరము దాని కా పేరు పెట్టిరని ప్రతీతి. నిజాములకాలమున నది పోలో ఆటకు తావైయుండెను. తరువాత స్టేడియముగా మారి, 1967లో లాల్ బహదూరుశాస్త్రిగారి పేరు ధరించెను. ఇట్టి మైదానములయందును, పోలీసుపటాలముల కసరతు స్థలములయందును, పాఠశాలల ఆవరణములయందును హైదరాబాదు ఫుట్‌బాలు పుట్టి పెరిగినది. మెరక సరిచేసిన నేల, రెండు గోలుస్తంభములు, ఒక బంతి – ఆనాటి సామగ్రి యంతయు నింతియే.

ఆ నేలనుండి లేచిన పురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీము. 1909లో జన్మించిన యీయన వృత్తిచే ఉపాధ్యాయుడు. హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడై, దానిని భారతదేశమున నెదురులేని జట్టుగా తీర్చెను. 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్సు కప్పును గెలుచుకొనినది. కలకత్తావారి మహాసంఘములు కూడ ఆ జట్టుముందు తలవంచవలసి వచ్చెను. 1956లోను 1957లోను హైదరాబాదు రాష్ట్రజట్టు సంతోష్ ట్రోఫీని గైకొనెను. 1965లో ఆంధ్రప్రదేశపు పేరుతో మరల నది మనకు దక్కెను.

రహీము శిక్షణయందలి భారత జట్టు 1951లో ఢిల్లీయందు జరిగిన తొలి ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచినది. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4–2 గోలులతో ఓడించి, ఉపాంతిమమునకు చేరి, నాలుగవ స్థానము గైకొనినది. ఒలింపిక్సు ఫుట్‌బాలునందు ఉపాంతిమము చేరిన తొలి ఆసియాదేశము భారతదేశమే. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణకొరియాను 2–1 గోలులతో గెలిచి రెండవమారు స్వర్ణము తెచ్చినది. అప్పటికే క్యాన్సరువ్యాధిచే కృశించుచుండిన రహీము మరుసటి యేడు, 1963 జూను 11వ తేదిని, స్వర్గస్థుడయ్యెను. 2024లో ఆయన చరిత్రను చలనచిత్రముగా తీసినప్పుడు గాని దేశములోని పెక్కుమందికి ఆయన పేరు తెలియరాలేదు. ఇది మన జాతి మఱపునకు నిదర్శనము.

ఈ విజయములకు మూలమేమి? ఘనమైన కట్టడములు కావు. రహీము బాలురకొఱకు ప్రత్యేకపు పోటీలు పెట్టుచుండెను. బంతిని తన కాలివద్దనే ఉంచుకొని ఒంటరిగా పరుగెత్తుటకు వీలులేదను నియమముతో కొన్ని పోటీలు నడిపెను. అందువలన పిల్లలు బంతిని తోడివానికి వెంటనే అందించుట నేర్చిరి. నేనొక్కడనే గోలు వేయుదునను అహంకారము చిన్ననాడే నశించెను. పోలీసుశాఖ ఆటగాండ్రకు ఉద్యోగ మిచ్చి పొట్టకు లోటులేకుండ చూచెను. నగరమున పలు పేటలకు జట్లుండెను. ఏటేట పోటీలు జరుగుచుండెను. సికిందరాబాదు సమీపమున పుట్టిన తులసీదాస్ బలరాము ఆ వాతావరణమున పెరిగి మెల్బోర్నునకును జకార్తాకును పోయినవాడే. ఆనాటి భారత జట్టునందు ముస్లిములు, హిందువులు, క్రైస్తవులు, సిక్కులు భుజముభుజము కలిపి ఆడిరి. బంతి వచ్చినప్పుడు అందించినవాని కులమేదియని అడిగినవాడు లేడు.

ఉత్సవమునకై లేచిన కట్టడము

కాలక్రమమున నీ వైభవము క్షీణించెను. 1965 తరువాత సంతోష్ ట్రోఫీ తెలుగునాటికి తిరిగి రాలేదు. పేటలలోని ఆటస్థలములు ఇండ్లకును అంగళ్లకును బలియైపోయెను. జనుల మనసు క్రికెట్టువైపు మరలెను. ఆటగాండ్రకు కొలువులిచ్చు సంస్థల యాదరణము తగ్గెను. ఇట్టి స్థితిలో 2002వ సంవత్సరమున జాతీయక్రీడలు నిర్వహించు బాధ్యత ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరు మాసమున జరిగిన యా 32వ జాతీయక్రీడలకై గచ్చిబౌలియందు నూతన క్రీడాంగణము సిద్ధమయ్యెను. ఆ యేటి మార్చిలోనే దివంగతులైన బాలయోగిగారి పేరు దానికి కలిసివచ్చెను.

ఈ కట్టడము స్వభావమును పాఠకులు గుర్తింపవలెను. ఇది ప్రధానముగా పరుగుపందెములకై నిర్మింపబడిన క్రీడాంగణము. నడుమ ఫుట్‌బాలు మైదానము, దానిచుట్టు నాలుగువందల మీటర్ల పరుగుబాట, ఆ వెలుపల ప్రేక్షకుల మెట్లు. కావున ఫుట్‌బాలు చూడవచ్చినవారికిని బంతికిని నడుమ పరుగుబాటంత యెడముండును. ఒకే కట్టడము పలుపనులకు వచ్చుట ప్రభుత్వమునకు పొదుపే; కాని కేవలము ఫుట్‌బాలునకే కట్టిన మైదానములందు ప్రేక్షకులు గీతకు చేరువనే కూర్చుండి ఆటలో లీనమగుదురు. ఈ భేద మల్పమైనది కాదు. ఆటపై మక్కువ కలుగుటకు చేరువతనము ముఖ్యము.

జాతీయక్రీడల తరువాతి యేడు, 2003 అక్టోబరు 24 మొదలు నవంబరు 1 వఱకు, తొలి ఆఫ్రో–ఆసియా క్రీడలు హైదరాబాదున జరిగెను. ఇవి తొలుత ఢిల్లీలో 2001లో జరుగవలసియుండి వాయిదాపడినవి. ఆ ఫుట్‌బాలు పోటీలలో భారతజట్టు అంతిమపు టాటవఱకు పోయి, ఉజ్బెకిస్తానుచే ఒక గోలుతో పరాజితమయ్యెను. 2007లో ప్రపంచ సైనికక్రీడలును హైదరాబాదుననే జరిగెను. ప్రతి ఉత్సవమునకును రంగులు వేయుదురు, దీపములు వెలిగింతురు, తోరణములు కట్టుదురు; ఉత్సవము ముగియగానే తలుపులు మూయుదురు. ఈ దుస్థితి మనకే ప్రత్యేకము కాదు. 2004 ఒలింపిక్సుకై గ్రీకులు ఏథెన్సునందు కట్టిన క్రీడాంగణములలో పెక్కులు ఉత్సవానంతరము పాడువడినవి. ఉత్సవమునకై కట్టినది ఉత్సవముతోనే ముగియుట లోకసహజము. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు గచ్చిబౌలి క్రీడాప్రాంగణమునందలి బహుళాంతస్థుల భవనమును ప్రభుత్వమువారు వైద్యశాలగా మార్చిరి. ఆపత్కాలమున నది జనుల కుపకరించినది, తప్పుపట్టరాదు. కాని క్రీడాభవనమున క్రీడాకారులు క్రిక్కిరిసియుండినచో దానిని ఖాళీచేయుట అంత సులభమై యుండునా?

ఇంట ఆడని విజేతలు

2019లో ఆ స్టేడియమునకు క్రొత్తప్రాణము వచ్చినట్లు తోచెను. ఆ యేడు పూనాసంఘము మూతపడగా దాని స్థానమున హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు వెలసి, ఇండియన్ సూపర్ లీగున చేరి, గచ్చిబౌలిని తన యింటిమైదానము చేసికొనెను. 2019 నవంబరు 2వ తేదిని అచ్చట జరిగిన తొలియాటలో కేరళ జట్టును 2–1 గోలులతో గెలిచినది. కాని ఆ యేడు పదిజట్లలో కట్టకడపటి స్థానమే దానికి దక్కెను. తరువాత మనోలో మార్కెజ్ అను స్పెయిను దేశస్థుడు శిక్షకుడై, పడుచువారిని నమ్మి, జట్టును తిరుగ నిర్మించెను.

2022 మార్చి 20వ తేదిని గోవాలోని ఫతోర్డా స్టేడియమున అంతిమపు పోటీ జరిగెను. ప్రతిపక్షము మరల కేరళయే. ఆ జట్టు ఒక గోలు ముందుండగా, ఆట ముగియుటకు రెండుమూడు నిమిషములకు ముందు సాహిల్ తవోరా దూరమునుండి గాలిలోని బంతిని తన్ని గోలుచేసెను. పిమ్మట పెనాల్టీలలో గోలుకాపరి లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటి నాపెను. 3–1తో హైదరాబాదు దేశవిజేత యయ్యెను. ఇచ్చట చిత్రమైన విషయ మొకటి గలదు. కరోనాకారణమున ఆ యేటి యాటలన్నియు గోవాయందే జరిగెను. కావున విజేతలైన యా సంవత్సరమున ఆ జట్టు తన సొంత స్టేడియమున ఒక్క లీగుపోటీయు ఆడలేదు. ఇంటలేని జట్టు ఇంటిపేరుతో గెలిచినది. ఇంటివారు దూరమునుండి చూచిరి.

ఆ విజయము వేరూనలేదు. మరుసటి యేడు జట్టు లీగున రెండవస్థానమున నిలిచినను, 2023–24లో ధనాభావముచే ఆటగాండ్ర జీతములు నిలిచిపోయెను, విదేశీయులు విడిచిపోయిరి, సంవత్సరమంతయు ఒక్క గెలుపుతో జట్టు అడుగున పడెను. యాజమాన్యము చేతులు మారెను. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. మూడేండ్ల క్రిందట విజేతగా నిలిచిన జట్టు మూటాముల్లె కట్టుకొని పోవుచుండగా నగరము చూచుచు నూరకుండెను. డెబ్బదియేండ్ల క్రిందటి పోలీసుజట్టును ఎవ్వరైన నట్లు తరలింపగలిగి యుందురా? అది పేటల పిల్లలతో, పేటల మైదానములతో ముడిపడినది. ఇది పెట్టుబడితో వచ్చినది, పెట్టుబడితో పోయినది.

2024 సెప్టెంబరులో గచ్చిబౌలియందు ఇంటర్‌కాంటినెంటల్ కప్పు జరిగెను. మార్కెజ్ భారతజట్టునకు శిక్షకుడై నడిపిన మొదటి పోటీలివే. భారతము మారిషసుతో సమానముగా నిలిచి, సిరియాచే మూడుగోలులతో ఓడిపోయెను. కప్పు సిరియావారికి పోయెను. నవంబరు 18వ తేదిని మలేషియాతో జరిగిన ఆట 1–1తో ముగిసెను. ఆ యేడంతయు భారతజట్టున కొక్క గెలుపును లేదు. డిసెంబరు 31వ తేదిని సంతోష్ ట్రోఫీ అంతిమమున పశ్చిమబెంగాలు కేరళను ఒక గోలుతో గెలిచి 33వ పర్యాయము ట్రోఫీని గైకొనెను. తెలుగుగడ్డపై, తెలుగువాని పేరుగల స్టేడియమున, తెలుగుజట్లు లేని అంతిమపోటీని మనవారు చూచిరి. ఇంతకంటె స్పష్టమైన పాఠ మేమి కావలెను?

రెండెకరముల ప్రశ్న

2014 జూను 2వ తేదిని రాష్ట్రము రెండైనది. గచ్చిబౌలి తెలంగాణ రాష్ట్రమున చేరినది. కోనసీమ ఆంధ్రప్రదేశమున నున్నది. 2022లో అది ప్రత్యేకజిల్లాగా నేర్పడినది. బాలయోగి పేరుగల మహాకట్టడ మిపుడు పొరుగురాష్ట్రపు సొత్తు. ఇందులకు వగవనక్కరలేదు. పేరు ఎచ్చటనున్నను పేరే. కాని ఆ పేరునకు తగిన ఆట పుట్టవలసినది ఆయన పుట్టినచోటనే గదా!

ఇంగ్లండునందు 1925లో ఆటస్థలముల రక్షణకై ఒక జాతీయసంఘ మేర్పడినది. వేయిమంది జనులకు ఆరెకరముల బయలుస్థలము ఆటలకు వదలవలెనని వారు కొలతబెట్టిరి. 1936లో అయిదవ జార్జిరాజు మరణించినప్పుడు, విగ్రహములకు మారుగా ఆయన పేర దేశమంతట ఆటస్థలము లేర్పరచిరి. నాలుగువందలకు పైగా అట్టి మైదానములు వెలసినవి. వానిని పరాధీనముచేయుటకు వీలులేకుండ ధర్మకర్తలచేతిలో నుంచిరి. ఆ రాజుతో మనకు పనిలేదు. వారి తెలివితో మాత్రము పని గలదు. చనిపోయిన పెద్దను తలచుకొనుటకు పిల్లలాడు నేలకంటె మేలైన గుర్తేది?

కోనసీమయందు నేల బంగారమని ఎఱుగనివారు లేరు. గౌతమీ, వసిష్ఠ, వైనతేయముల నడుమ నున్న యీ లంకసీమకు ధవళేశ్వరపు ఆనకట్ట వచ్చినది మొదలు అంగుళము నేలయు వ్యర్థముకాలేదు. పల్లమున వరి, మెరకన కొబ్బరి, నడుమ అరటి, పోక. ఫుట్‌బాలు మైదానము నిండుకొలత 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అనగా నూటడెబ్బదియారు సెంట్లు. అంచులతో కలిపి రెండెకరముల పైచిలుకు. ఎకరమునకు అరువది డెబ్బది కొబ్బరిచెట్లు లెక్కవేసినచో, ఒక మైదానమునకై నూటనలుబది చెట్ల నేల విడువవలెను. ఇది చిన్నత్యాగము కాదు. భూకామందులకు ఆ బాధ తెలియనిది కాదు, మాకును తెలియును.

అయినను ఒక్క విషయము తలచుకొనవలెను. సంక్రాంతి మూడుదినములు కోడిపందెములకై మనసీమలో తోటలు శుభ్రముచేసి, నేల చదునుచేసి, పందిళ్లు వేసి, దీపములు కట్టి బరులు సిద్ధముచేయుట లేదా? న్యాయస్థానములు నిషేధించినను అవి జరుగుచున్నవే. పందెమునకు మూడురోజులలో దొరకు నేల పిల్లల యాటకు మూడువందలరోజులు దొరకకపోవుట యేమి న్యాయము? పందెమునకు వచ్చిన ధనికుడు ఇల్లు గుల్లచేసికొని పోవును. మైదానమునకు వచ్చిన బాలుడు ఒడలు గట్టిచేసికొని పోవును.

దీనికి ఎదురుగా మంచి యుదాహరణమును మనసీమలోనే యున్నది. కనుమనాడు జగ్గన్నతోటలో పదునొకండు గ్రామములనుండి ఏకాదశరుద్రుల ప్రభలు చేరుచున్నవి. వరిచేలు దాటించి, కౌశికనది దింపి, భుజములపై ప్రభలను మోసికొని వత్తురు. 2023లో ఢిల్లీ గణతంత్రోత్సవమున ఆంధ్రప్రదేశపు శకటము ఈ ప్రభలతీర్థమునే చూపినది. పదునొకండు గ్రామములు ఒక తోటను సమష్టిసొత్తుగ భావించి తరతరములుగా కాపాడుకొనుచున్నవనగా, ఒక్కొక్క గ్రామము తన పిల్లలకై రెండెకరములు కాపాడుకొనలేదా? ఇంగ్లీషువారి లెక్కప్రకారము ఐదువేలమందిగల గ్రామమునకు ముప్పదియెకరములు కావలెను. మేమడుగునది అందు పదునైదవ వంతు.

కరవుసీమయైన అనంతపురమును చూడుడు. అచ్చట 1969 నుండి పల్లెలలో పనిచేయుచున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారు 2000వ సంవత్సరమున క్రీడాగ్రామమును నెలకొల్పి, పల్లెపిల్లలకు ఫుట్‌బాలు మొదలగు ఆటలు నేర్పుచున్నారు. బాలికలును అచ్చట బంతి తన్నుచున్నారు. వాన చాలని నేలపై ఆట మొలకెత్తినది. మూడుపాయల గోదావరి పారు నేలపై మొలకెత్తదా?

మన బిడ్డలలో సత్తువ లేదనుట కల్ల. అమలాపురపు యువకుడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజు, తన సహచరుడు చిరాగు శెట్టితో కలిసి, ఆసియాక్రీడలలో బాడ్మింటను జంటపోటీయందు 2023 అక్టోబరులో భారతదేశమునకు తొలిస్వర్ణము తెచ్చెను. ఆతడు శిక్షణకై పోయినది గచ్చిబౌలియందలి పుల్లెల గోపీచందుగారి విద్యాలయమునకే. ఒక్క బిడ్డను తల్లిదండ్రులు దూరదేశము పంపి విజేతను చేయగలరు. పదునొకండుగురి జట్టును ఏ తండ్రియు నొక్కడే పంపలేడు. జట్టు ఊరు పెంచవలసిన బిడ్డ.

చేయవలసిన పని

ఇందు మొదటి బాధ్యత భూవసతి గలవారిది. మన పూర్వులు బడులకు, సత్రములకు, దేవాలయములకు భూములిచ్చిరి. అమలాపురమున శ్రీ కోనసీమ భానోజీ రామర్సు కళాశాల దాతలపేర నేటికిని వెలుగుచున్నది. ఆ పరంపర ఆటస్థలములతో కొనసాగవలెను. నిండుమైదానము సాధ్యముకానిచోట అరువది సెంట్ల నేలయైనను చాలును; ఏడుగురేసి పిల్లలు హాయిగ నాడవచ్చును. ఇచ్చిన నేలను పంచాయతీపేరనో, పాఠశాలపేరనో దానశాసనము వ్రాసి రిజిస్టరు చేయించి, ఆటకు తప్ప వేరొకపనికి వాడరాదని అందు స్పష్టపరచవలెను. లేనిచో నేడు మైదానమైనది రేపు గిడ్డంగియగును.

రెండవది పంచాయతీలదియు పాఠశాలలదియు. 2009 నాటి విద్యాహక్కుచట్టము ప్రతిపాఠశాలకును ఆటస్థల ముండవలెనని విధించినది. ప్రతిపాఠకుడు తన యూరి బడికి పోయి, చట్టము చెప్పిన స్థల మున్నదా, ఉన్నచో అందు పిల్లలాడుచున్నారా, లేక ఇసుకకుప్పలును సిమెంటుబస్తాలును పడియున్నవా యని స్వయముగ చూడవలెను. మనసీమ నేల నల్లనిది, జిగటది; వానకాలమున నీరు నిలుచును. కావున మైదానమును చుట్టునేలకంటె అడుగెత్తుగ మెరకచేసి, పైని ఇసుక కలిపి, నడుమ కొంచె మెత్తుగను అంచులకు వాలుగను తీర్చి, నాలుగువైపుల బోదెలు త్రవ్వి మురుగుకాలువలో కలుపవలెను. వరిచేనికి నీరు పెట్టుటయు తీయుటయు తెలిసిన రైతునకు ఇది నేర్పవలసిన విద్య కాదు.

మూడవది పట్టణవాసులది. అమలాపురము, రాజోలు, కొత్తపేటలలోని న్యాయవాదులు, వైద్యులు, వర్తకులు, ఉపాధ్యాయులు కలిసి, ఊరికొక జట్టుచొప్పున చేర్చి ఏటేట పోటీలు నడుపవలెను. ఒక్కయేడు ఘనముగ జరిపి మానివేయుటకంటె చిన్నదిగనైన పదియేండ్లు విడువక జరుపుట మేలు. వేలరూపాయల బహుమతులు వలదు. బంతులు, బూట్లు, శిక్షకునకు జీతము చాలును. బాలికలకు వేరుజట్లుండవలెను. విదేశములనుండి ఊరికి విరాళములు పంపు మనవారు ముఖద్వారములకు మారు మైదానములకు పంపినచో వారిపేరు పిల్లల నోట నిలుచును.

ఇంకొకమాట చెప్పక తప్పదు. 2022 మే 24వ తేదిని జిల్లాకు పెట్టదలచిన పేరు విషయమై అమలాపురమున మంటలు చెలరేగినవి; ప్రజాప్రతినిధుల యిండ్లు కాలినవి. ఆ దినమును తలచుకొని తలవంచుకొననివారు కోనసీమలో నుండరాదు. ఆనాడు వీధిలోనికి వచ్చినవారిలో పలువురు పడుచువారే. వారి చేతికి మనమేమి పని చూపితిమి? వారొకరి నొకరు చూచుకొనుటకు ఏ స్థలము చూపితిమి? ఒకే జట్టున నాడినవారు బంతి నొకరి కొకరందింపక గెలువలేరు. తోడివాడు ఏ పేటవాడో, ఏ గుడికి పోవునో యని తలచుటకు ఆటలో తీరికలేదు. రహీము హైదరాబాదున నేర్పినది ఆ విద్యయే. ఆటస్థలము కులభేదమును తుడిచివేయునని మేమనము. దానిని తుడువదలచినవారికి చోటుమాత్ర మిచ్చును. ఆ చోటునకు బాలయోగి పేరు పెట్టుటకంటె తగినపని లేదు.

గచ్చిబౌలి స్టేడియము మరల నేదో యుత్సవమునకు తలుపులు తెరచును, మరల మూయును. అది ప్రభుత్వములు చూచుకొనవలసినపని. ఎదుర్లంకలో, మలికిపురములో, ఆత్రేయపురములో, అంబాజీపేటలో సాయంసమయమున బడి విడిచినవెంటనే బంతి దుముకునట్లు చేయుట మాత్రము మనపని. ఈ సంక్రాంతికి పందెపుబరికై చదునుచేయబడిన నేలలలో ఒక్కటైనను కనుమ మరునాడు గోలుస్తంభములతో నిలువవలెను. అట్టి తొలిగ్రామము ఏదియో దాని పేరు మా పత్రికలో ప్రకటించు భాగ్యము మాకు త్వరలో కలుగుగాక!